చేతిలో తెర... మనసుకు చెర

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురా పరిసరాలు బోనాల సందడితో కళకళలాడతాయి. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి ఆలయం, హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయం ఇక్కడికి దగ్గరే. ఘటం ఊరేగింపు కనబడగానే పెద్దలు చేతులు జోడిస్తారు. యువతరం సెల్‌ఫోన్లు పైకెత్తుతుంది. ఫొటో తీసుకోవడంలో దోషం లేదు. అయితే ఆ ఫొటోను ఎందరు మెచ్చారోనని రాత్రంతా చూసుకునే మనసుకు శాంతి ఎక్కడిది?

ఇది కేవలం పిల్లల తప్పు కాదు. 2009లో ఫేస్‌బుక్ 'లైక్' మీటను ప్రవేశపెట్టింది. పరుల మెప్పు అంకెలకెక్కింది. ఎంత చూసినా తరగని రీల్స్‌కు 'ఇక చాలు' అనే హద్దు లేదు. ఎదుటివారి పండుగ రోజులను తమ మామూలు రోజులతో పోల్చుకుని ఎందరో పిల్లలు లోలోపల కుమిలిపోతున్నారు. రోజుకు 3 గంటలకు మించి సామాజిక మాధ్యమాలలో గడిపే కౌమారులకు కుంగుబాటు, ఆందోళన వంటి లక్షణాల ముప్పు రెట్టింపని అమెరికా సర్జన్ జనరల్ 2023లో హెచ్చరించారు.

గాలిని పట్టడమెంత కష్టమో మనసును నిలపడమూ అంతే కష్టమని భగవద్గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకుంటాడు. పరమాత్మ ఆ మాటను కాదనడు. అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యమేనంటాడు. ఆహార విహారాలు, నిద్రా మెలకువలు మితంగా ఉన్నవానికి యోగం దుఃఖాన్ని పోగొడుతుందని ఆ అధ్యాయమే బోధిస్తోంది. ఇక్కడ వైరాగ్యమంటే ఫోన్‌ను పారవేయడం కాదు. మన విలువను పరుల మెప్పుకు తాకట్టు పెట్టకపోవడం.

అభ్యాసం పెద్దలతోనే మొదలుకావాలి. భోజనాల వేళ మీ ఫోన్‌ను ముందుగా మీరే పక్కన పెట్టండి. రాత్రి ఇంటిల్లిపాది ఫోన్లూ పడకగది బయటే ఉండనివ్వండి. పిల్లల నిద్రకు అంతకన్నా మేలు లేదు.

బిడ్డ నిద్రాహారాలు మాని, స్నేహితులకు దూరమై, బతకాలని లేదంటే దానిని మొండితనమనో, గ్రహదోషమనో సరిపెట్టుకోకండి. ఫోన్ లాక్కుని దండించకండి. పక్కన కూర్చుని మనసులోని మాట వినండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. దైవప్రార్థనతో పాటు వైద్య సహాయమూ తీసుకోండి. రెంటికీ విరోధం లేదు.