రంగస్థలం మీది... వేషం మీ ఇష్టం!

నల్లరేగడి రంగు తెర. దాని మీద విచ్చిన పత్తిలా తెల్లటి అక్షరాలు. మౌస్‌తో ఎంచుకున్న వరసకు పండుమిర్చి ఎరుపు. అడుగున మంగళగిరి చీర అంచులాంటి పట్టీ. మూలన గడియారం పక్కన ‘ఆదివారం’ అని చక్కటి తెలుగులో! ఇలాంటి కంప్యూటర్ ఏ షాపులోనూ అమ్మరు. ఇంట్లో ఉన్న పాతదాన్నే పైసా ఖర్చు లేకుండా ఇలా ముస్తాబు చేసుకోవచ్చు. అందుకు వీలు కల్పిస్తోంది లినక్స్.

కంప్యూటర్ కొన్నప్పుడు షాపువాళ్లు ఏది వేసి ఇస్తే అదే వాడతాం. తెర మీద బొమ్మ మార్చడం, మహా అయితే అక్షరాల సైజు పెంచడం... మనలో చాలామంది చేసే అలంకారం అంతే. ఇల్లు మనదే అయినా గోడకు మేకు కొట్టాలంటే వెనకాడే అద్దె ఇంటి వ్యవహారంలా ఉంటుంది. లినక్స్‌లో ఆ మొహమాటం అక్కర్లేదు. గుమ్మం ఎటు పెట్టుకోవాలో, కిటికీకి ఏ రంగు వేయాలో అన్నీ మన ఇష్టమే.

అసలు ఇప్పుడు దీని గురించి ఎందుకంటే... 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, కొత్త తరం ప్రాసెసరూ కావాలి. దాంతో బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ‘పాతవి’ అయిపోయాయి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర టిక్కీల లెక్కలు రాసే కమీషను దుకాణం కావచ్చు, పర్చూరులోనో చిలకలూరిపేటలోనో పిల్లలు చదువుకునే ఇల్లు కావచ్చు... అలాంటి యంత్రాన్ని మూలన పడేసే ముందు ఒక్కసారి ఇటు చూడొచ్చు.

నటుడు ఒక్కడే... వేషాలు ఎన్నో!

కంప్యూటర్ తెరిస్తే ముందుగా కనిపించే తెరను ఇంగ్లిషులో డెస్క్‌టాప్ అంటారు. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చినవారిలో కొందరు దానికి ముచ్చటైన పేరు పెట్టారు... రంగస్థలం! నాటకాల గడ్డ తెనాలికి దగ్గర్లో ఉన్నవారికి ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా, రోషనారాగా, చిత్రాంగిగా ప్రేక్షకుల్ని మెప్పించారు. మనిషి ఒక్కరే. కట్టూ బొట్టూ మారితే పాత్ర మారిపోయేది. 1956లో పద్మశ్రీ అందుకున్నారాయన. లినక్స్‌దీ అదే తీరు. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ లోపల ఉండే నటుడు. మెమరీనీ, డిస్కునీ, కీబోర్డునీ నడిపించేది అదే. మన కంటికి కనిపించే కిటికీలూ, మెనూలూ, పట్టీలూ దాని వేషం. ఈ వేషాన్నే ‘డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్’ అంటారు. నటుణ్ని కదిలించకుండానే వేషం మార్చేయొచ్చు. ఒకే కంప్యూటర్లో రెండు మూడు వేషాలు పెట్టుకుని, లోపలికి వెళ్లేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు కూడా!

ఈ వేషాల వెనక కథలు కూడా ఉన్నాయి. అప్పట్లో ఏ ప్రోగ్రాం రూపం దానిదే అన్నట్టు ఉండటం మథియాస్ ఎట్రిచ్ అనే జర్మనీ విద్యార్థికి నచ్చలేదు. అన్నిటికీ ఒకే పోలిక ఉండాలంటూ 1996లో కేడీఈ మొదలుపెట్టాడు. ఆ మరుసటి ఏడాది మెక్సికో యువకులు మిగెల్ డి ఇకాజా, ఫెదెరికో మేనా కలిసి గ్నోమ్‌కు శ్రీకారం చుట్టారు. 2011లో గ్నోమ్ మూడో వెర్షన్ ఒక్కసారిగా రూపురేఖలు మార్చేసుకుంటే పాత రూపానికి అలవాటుపడ్డవాళ్లు గగ్గోలు పెట్టారు. సాక్షాత్తూ టోర్వాల్డ్సే విసుగొచ్చి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో వేషానికి మారిపోయాడు. పాత రూపమే కావాలన్నవాళ్లు దాన్ని ‘మాటే’గా బతికించుకున్నారు. లినక్స్ మింట్ బృందం ‘సినమన్’ను తయారుచేసుకుంది. మింట్ అంటే పుదీనా, సినమన్ అంటే దాల్చినచెక్క. పేర్లు వింటే వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది!

నచ్చకపోతే సర్దుకుపోవడం కాదు, నచ్చినట్టు చేసుకోవడం... అదీ ఇక్కడి పద్ధతి. మూల రాత అందరికీ అందుబాటులో ఉంటుంది, మార్చుకునే హక్కూ ఉంటుంది. అందుకే ఇది సాధ్యమైంది.

ఏ ఇంటికి ఏది?

ఓపికగా ప్రతిదీ మార్చుకోవాలనుకునే కుర్రకారుకు కేడీఈ ప్లాస్మా. పట్టీ పైన పెట్టాలా, పక్కన పెట్టాలా, కిటికీ మూసే గుర్తు ఎడమనా, కుడినా... అన్నీ సెట్టింగుల్లోనే ఉంటాయి. హడావుడి లేకుండా శుభ్రంగా ఉండాలనుకుంటే గ్నోమ్. విండోస్‌కు అలవాటుపడిన నాన్నగారికీ తాతగారికీ సినమన్. బాగా పాత కంప్యూటరైతే తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ. లినక్స్ మింట్‌కు 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు, 4 జీబీ ఉంటే సుఖంగా ఉంటుందని దాని తయారీదారులే చెబుతున్నారు.

వేషం ఎంచుకున్నాక ముస్తాబు మొదలు. ఇందులో ప్రధానంగా నాలుగు అంశాలు. మొదటిది వెనక తెర, అంటే వాల్‌పేపర్. కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఫొటోనో, అమరావతి శిల్పమో, కొండవీటి కోటో మీ సెల్‌ఫోన్‌లో ఉంటే అదే పెట్టుకోవచ్చు. రెండోది థీమ్. కిటికీల అంచులూ, బటన్లూ, రంగులూ దీని కిందికి వస్తాయి. మూడోది ఐకాన్లు. ఫోల్డర్లకూ ప్రోగ్రాములకూ గుర్తులన్న మాట. నాలుగోది అక్షరాలు.

థీమ్‌లూ ఐకాన్లూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దించుకున్నవాటిని మన హోమ్ ఫోల్డర్లోని ‘డాట్ థీమ్స్’, ‘డాట్ ఐకాన్స్’ అనే ఫోల్డర్లలో వేసి, సెట్టింగుల్లో ఎంచుకుంటే సరి. పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లు మామూలుగా కనిపించవు. చాలా లినక్స్‌లలో కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే బయటపడతాయి. లేకపోతే మనమే కొత్తగా చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త... తెలియనివాళ్లు పెట్టిన థీమ్‌లను ఎడాపెడా దించొద్దు. మీరు వేసుకున్న లినక్స్ సొంత సాఫ్ట్‌వేర్ భాండాగారంలో ఉన్నవాటితో మొదలుపెట్టడం మేలు.

రంగుల విషయంలో చిన్న చిట్కా. రాత్రిళ్లు చదివే పిల్లలున్న ఇంట్లో నల్లరేగడి లాంటి ముదురు నేపథ్యం హాయిగా ఉంటుంది. ఎరుపు మాత్రం కూరలో కారంలా తగుమాత్రంగానే వేయాలి. ఎంచుకున్న వరసకో, బటన్‌కో సరిపెట్టాలి. తెరంతా ఎరుపు చేస్తే పది నిమిషాలకే కళ్లు మండుతాయి!

ఒత్తులు తెగితే ఎలా?

ఇంగ్లిషు అక్షరాలు వరసగా నిలబడతాయి. తెలుగు అలా కాదు. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద మరో ఒత్తు. ‘స్త్రీ’ అని రాస్తే ఒక్క అక్షరానికే మూడు అంతస్తులు. ఇంగ్లిషు కొలతలతో కట్టిన మెనూలో తెలుగు పెడితే కింది ఒత్తులు తెగిపోవచ్చు. అందుకే తెలుగు పెట్టుకున్నాక అక్షరాల సైజు ఒకటి రెండు పాయింట్లు, పట్టీ ఎత్తు కాస్త పెంచుకోవాలి. పట్టీని సన్నం చేస్తే అందమే అనుకోవద్దు. అక్షరం నిలవని చోట అందం ఏముంటుంది?

ఈ అక్షరాల కూర్పు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు కూర్పు వస్తే చాలు, ఐఫోన్‌లో మెసేజీలు చూసే ప్రోగ్రాములు కుప్పకూలిపోయాయి. ఆ నెలలోనే ఆపిల్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అక్షరాలను పక్కపక్కన పేర్చడం వేరు, తెలుగును సరిగ్గా కూర్చడం వేరు అని తేల్చిన ఉదంతమిది.

లినక్స్‌లో మన అక్షరాలు కుదురుగా కనిపించడం వెనక చాలామంది శ్రమ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన 2000’, ‘వేమన 2000’ ఫాంట్లను రూపొందించి ఉచితంగా అందించారు. అవి డెబియన్ లినక్స్ భాండాగారంలో చోటు సంపాదించుకున్నాయి. రెడ్ హ్యాట్ సంస్థ భారతీయ భాషల కోసం ‘లోహిత్’ ఫాంట్లు తెచ్చింది. లోహితం అంటే ఎరుపు. మిర్చి సీమకు తగిన పేరే! తర్వాత సిలికానాంధ్ర ద్వారా మరిన్ని వచ్చాయి. వాటిలో గుత్తుల పురుషోత్ కుమార్ 2013లో రూపొందించిన ‘మండలి’ చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. ‘రామభద్ర’ హెడ్డింగులకు దిట్టంగా కనిపిస్తుంది. చేతిరాతలాంటి ‘లక్కిరెడ్డి’ శుభలేఖలకూ పిల్లల ప్రాజెక్టులకూ సరదాగా ఉంటుంది. మెనూలకు మాత్రం ‘మండలి’, ‘నోటో సాన్స్ తెలుగు’ లాంటి తేటగా కనిపించేవే నయం.

బటన్ ఎవరితో మాట్లాడుతుంది?

రంగులూ ఫాంట్లూ పైమెరుగులు. అసలు మార్పు భాషలో ఉంది. లినక్స్ సెట్టింగుల్లో భాషను తెలుగుకు మారిస్తే మెనూలు, తేదీలు తెలుగులోకి వస్తాయి. సంఖ్యల్లో కామాలు కూడా మన లక్షలూ కోట్ల లెక్కనే పడతాయి.

ఈ తెలుగు ఎక్కణ్నుంచి వచ్చింది? 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్ కోసం నడుం కట్టింది. పేద పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’నూ తయారుచేసింది. కేంద్రప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్ భారతీయ భాషలకు పెద్దపీట వేసింది. గ్నోమ్, కేడీఈ మెనూలను తెలుగు చేసినవారిలో స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లే ఎక్కువ.

వాళ్ల తంటాలు ఇన్నీ అన్నీ కావు. ఫైల్‌ను ఫైలే అనాలా, దస్త్రం అనాలా? సేవ్‌ను ‘భద్రపరచు’ అంటే పల్లెటూరి పిల్లాడికి అర్థమవుతుందా? ఇంకో చిక్కు... కంప్యూటర్ మనల్ని ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? దానికో చక్కటి ఉపాయం ఉంది. బటన్ మీద మాట మనం కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞ. కాబట్టి ‘తెరువు’, ‘రద్దుచేయి’. సందేశం మాత్రం కంప్యూటర్ మనకు చేసే మనవి. కాబట్టి ‘సంకేతపదం ఇవ్వండి’. మర్యాద ఎక్కడా తప్పలేదు!

విభక్తులది మరో బాధ. ఇంగ్లిషులో ‘డిలీట్’ అని పక్కన పేరు పెడితే చాలు. తెలుగులో ఆ పేరుకు ‘ను’ తగిలించాలి. ఏ పేరు వస్తుందో ముందు తెలియదు కదా! అందుకే ఖాళీ వదిలి ‘... ను తొలగించాలా?’ అని రాస్తారు. తెలుగు మెనూల్లో అక్కడక్కడా కనిపించే ఎబ్బెట్టుతనానికి ఇదో కారణం.

పైగా ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొత్త మాటలు చేరతాయి. తెలుగు చేసేవాళ్లు లేకపోతే అక్కడ ఇంగ్లిషే కనిపిస్తుంది. సగం తెలుగు, సగం ఇంగ్లిషు మెనూ చూసి విసుగొచ్చి ఇంగ్లిషుకే మారిపోతాం. వాడేవాళ్లు తగ్గితే చేసేవాళ్లు ఇంకా తగ్గుతారు. చేను బీడు పడేది ఇలాగే. దీనికి విరుగుడు కూడా మన చేతుల్లోనే ఉంది. అనువాదానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. మంచి తెలుగూ, కాస్త ఇంగ్లిషూ వస్తే చాలు. ఇంజినీరింగ్ విద్యార్థులే కాదు, రిటైరైన తెలుగు మాస్టారూ చేయొచ్చు.

మార్చే ముందు ఇవి చూసుకోండి

* ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి చూడండి. డిస్కులో ఏమీ మారదు. ప్రింటర్, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుంది.

* ఫొటోలూ, లెక్కలూ వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే అసలు పని మొదలుపెట్టండి.

* దుకాణం లెక్కలకు విండోస్ ప్రోగ్రామే వాడుతుంటే తొందరపడొద్దు. డీటీపీ సెంటర్లవాళ్లకూ ఇదే మాట. అను ఫాంట్లలో చేసిన పాత శుభలేఖలూ కరపత్రాలూ యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంట్లు లేనిచోట పిచ్చిగీతల్లా కనిపిస్తాయి.

* టైపింగ్‌కు ఐబస్ అనే ప్రోగ్రాంలో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ వంటి తెలుగు పద్ధతులు ఉన్నాయి. అలవాటైనదే ఎంచుకోండి.

* ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా పెట్టండి. అమ్మ తెర తెలుగులో, అబ్బాయి తెర ఇంగ్లిషులో... ఎవరి ముస్తాబు వారిది.

మన నేల మనుషులు

ఫాంట్ల జాబితా తెరిస్తే చుట్టుపక్కల ఊళ్లు గుర్తుకొస్తాయి. ‘తెనాలి రామకృష్ణ’ పేరులోనే తెనాలి ఉంది. ‘శ్రీకృష్ణదేవరాయ’ 1515లో కొండవీడును జయించిన రాజు. ‘ఎన్టీఆర్’ గుంటూరు ఏసీ కాలేజీ పూర్వ విద్యార్థి. ఈ ఫాంట్లన్నీ ఉచితమే. దించుకున్న ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్’ అంటే చాలు, మీ ఇంటి తెర మీద కొలువుదీరతాయి.