మీకు తెలుసా? రెండుంబావు రూపాయల డాలరు

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉందా? ఉంటే వెనక్కి తిప్పి ఏ ఏడాదిదో చూడండి. 1918 అనో 1919 అనో ఉంటే, అందులోని వెండి అంతకుముందు అమెరికా డాలరుగా బతికి ఉండే అవకాశం గట్టిగానే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట ఇది. ఇక్కడి నుంచి యుద్ధానికి సరుకు ఎడతెగకుండా పోతోంది. సరుకిచ్చిన వాళ్లకి రొక్కం కావాలి. వెండి ధరేమో ఆకాశానికి ఎక్కింది, ఒకసారి ఇంట్లోకి వెళ్లిన రూపాయి మళ్లీ సంతకి రావడం మానేసింది. సర్కారు 1917 నవంబరు 30న ఒక రూపాయి కాగితం నోటు తెచ్చింది, ఆ తర్వాత రెండున్నర రూపాయల నోటు కూడా. కాగితాన్ని నమ్మి మూట కట్టుకునే రోజులు కావవి. జనం నోట్లు పట్టుకొచ్చి వెండి ఇమ్మన్నారు. 1918 వేసవి వచ్చేసరికి ఖజానాలో వెండి అడుగంటే స్థితి. ఇచ్చిన మాట ప్రకారం నోటుకి వెండి ఇవ్వలేకపోతే పరువే కాదు, పాలనే కదులుతుందని లండన్‌కి భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు అమెరికా ఖజానాలో ఎవరూ ముట్టుకోని వెండి డాలర్లు సంచుల కొద్దీ మూలుగుతున్నాయి. ఆ ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం వచ్చింది. 35 కోట్ల డాలర్ల వరకు కరిగించవచ్చన్నారు. కరిగినవి 27,02,32,722. అందులో 25,91,21,554 డాలర్ల వెండిని, మేలిమి ఔన్సుకి ఒక డాలరు చొప్పున, బ్రిటన్ కొనుక్కుంది. సుమారు 20 కోట్ల ఔన్సులు. ఆ వెండి బొంబాయి, కలకత్తా టంకశాలల్లో రూపాయి అయింది.

లెక్కల మీద మోజున్న వాళ్లకి ఇక్కడో తమాషా. డాలరులో మేలిమి వెండి 371.25 గ్రెయిన్లు. మన రూపాయి బరువు తులం, అంటే 180 గ్రెయిన్లు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి, 165 గ్రెయిన్లు. భాగించి చూడండి. డాలరుకి సరిగ్గా రెండుంబావు రూపాయలు. వీసమెత్తు మిగలదు, తగ్గదు. ఎక్కడో ఫిలడెల్ఫియాలో ఒకరు, ఇక్కడ కంపెనీ దొరలు మరొకరు వేర్వేరు కాలాల్లో పెట్టుకున్న కొలతలు ఇంత చక్కగా అతకడం కాకతాళీయమే.

మీ రూపాయి ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకోవచ్చు. బొరుసు వైపు కింద ఉన్న తామర పువ్వు దగ్గర చిన్న చుక్క ఉబ్బెత్తుగా కనిపిస్తే బొంబాయి, లేకపోతే కలకత్తా. అందులో కలిసింది ఏ డాలరో మాత్రం చెప్పే ఉపాయం లేదు. మూసలో పడ్డ వెండికి ఊరూ పేరూ ఉండదు.

*

అసలు అన్ని కోట్ల డాలర్లు ఎందుకు పోగుపడ్డాయి? జనం అడిగి కాదు, గని యజమానులు అడిగి. నెవాడాలో వెండి విరివిగా దొరికి ధర పడిపోతుంటే, సర్కారే నెలనెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు కొట్టాలని 1878 ఫిబ్రవరి 28న చట్టం చేయించుకున్నారు. అధ్యక్షుడు హేస్ కాదన్నాడు. కాంగ్రెసు అదే రోజు ఆయన్ని తోసిరాజంది. టంకశాలలు కొడుతూ పోయాయి. జేబులో వేసుకుంటే ఒక్కోటి 26.73 గ్రాములు. వెయ్యి డాలర్ల సంచి దాదాపు 27 కిలోలు. ఎవరు మోస్తారు? జనం ఆ వెండికి బదులుగా సర్కారు ఇచ్చిన కాగితాలు వాడుకున్నారు, వెండి సంచుల్లోనే ఉండిపోయింది.

సంచుల్లో ఒకదానికొకటి రాసుకోవడం వల్ల ఎన్నడూ వాడని నాణేనికి కూడా చెంప మీద గీతలుంటాయి. సేకరించేవాళ్లు వాటిని సంచి గీతలు అంటారు. గీతలు తక్కువైన కొద్దీ ధర ఎక్కువ. ఆ తేడా ఒక్కోసారి పదింతలు ఉంటుంది, నాకైతే అది కాస్త అతి అనిపిస్తుంది.

*

ఆ డాలరు మీది స్త్రీ ముఖం ఫిలడెల్ఫియాలోని ఒక బడిపంతులమ్మది. పేరు అన్నా విలెస్ విలియమ్స్. బొమ్మ గీసిన జార్జ్ మోర్గన్ ఇంగ్లండు వాడు, 1876లో అమెరికా వచ్చాడు. 1878లో మొదట కొట్టిన డాలర్ల మీద గద్ద తోకకి ఎనిమిది ఈకలున్నాయి. అంతకుముందు అమెరికా నాణేల మీద గద్దకి బేసి సంఖ్యలోనే ఈకలు ఉండేవి, ఇదేమిటని గొడవ. కొత్త అచ్చులో ఏడు చేశారు. పాత అచ్చుల్ని పారేయడం ఎందుకని కొన్నింటి మీదే ఏడు ఈకల ముద్ర మళ్లీ దించారు. భూతద్దంతో చూస్తే ఏడు ఈకల కింద నుంచి పాత ఈకల కొసలు తొంగి చూస్తుంటాయి. ఒకే ఏడాది, ఒకే ఊరు, మూడు రకాల తోకలు.

ఇలాంటి అచ్చు తేడాలన్నీ వెతికి, లెక్కగట్టి, నంబర్లిచ్చినవాళ్లు లెరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మాలిస్. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఈ రకాల్ని వామ్‌లు అంటారు. 1888లో న్యూ ఆర్లీన్స్ టంకశాల కొట్టిన ఒక రకంలో అచ్చు మీదే ముద్ర రెండుసార్లు పడి, ఆ పంతులమ్మకి పెదవులు రెండు జతలయ్యాయి.

*

నాణెం కొట్టడం అనగానే ఒక్క దెబ్బ గుర్తొస్తుంది. పని అంతా ఆ దెబ్బకి ముందే ఉంది. వెండిలో రాగి కలిపి కరిగించి కడ్డీలు పోస్తారు. కడ్డీని రోలర్ల మధ్య నలిపి పట్టీ చేస్తారు. పట్టీలోంచి బిళ్లలు కోస్తారు. నలిగి బిరుసెక్కిన బిళ్లని కాల్చి మెత్తబరిచి, కడిగి, అంచు కొద్దిగా పైకి లేపుతారు. అప్పుడు బొమ్మ అచ్చుకి, బొరుసు అచ్చుకి మధ్య పెట్టి, చుట్టూ కంకణం బిగించి నొక్కుతారు. మోర్గన్ డాలరుకి పడే ఒత్తిడి సుమారు 150 టన్నులు. అంచు మీద పళ్లు ఆ కంకణం వల్లే వస్తాయి, అదే దెబ్బకి.

మొదటి రోజుల్లో ఇంత హంగు లేదు. 1794 అక్టోబరు 15న ఫిలడెల్ఫియా టంకశాల దేశపు తొలి వెండి డాలర్లు అప్పగించింది, మొత్తం 1,758. టంకశాల పెద్ద డేవిడ్ రిటెన్‌హౌస్, పేరున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఉన్న యంత్రం చిన్న నాణేల కోసం చేసింది, డాలరుకి దాని బలం చాలలేదు. పైగా అచ్చులు రెండూ సమంగా కూర్చోక, బొమ్మ వైపు ఎడమ అంచున నక్షత్రాలు సరిగా తేలలేదు. ఆ ఏడాది డాలరు ఏది తీసుకున్నా ఆ లోపం కనిపిస్తుంది. పెద్ద యంత్రం వచ్చేదాకా, అంటే 1795 దాకా, డాలర్ల జోలికి పోలేదు.

అప్పట్లో ప్రతి బిళ్లనీ తూచేవారు. బరువెక్కువైతే ఆకురాయితో రుద్ది తగ్గించేవారు. ఆ గీతలు ముద్ర పడ్డాక కూడా పూర్తిగా చెరగలేదు, ఈ రోజుకీ జుట్టు మీదుగా అడ్డంగా కనిపిస్తాయి. బరువు తక్కువైతే బిళ్ల నడుమ చిల్లు పెట్టి వెండి ముక్క బిగించేవారు, దెబ్బ పడగానే అది అణిగి కలిసిపోయేది. 2013 జనవరిలో వేలంలో 1,00,16,875 డాలర్లు పలికిన 1794 డాలరుకి ఈ రెండూ ఉన్నాయి. ఆకురాయి గీతలూ, నడుమ ముక్కా. కోటి డాలర్లు పెట్టి కొన్నది ఒక మాటుపడ్డ నాణేన్నే.

*

అమెరికా నాణేల్లో రాజుగా పేరుపడ్డది 1804 డాలరు. దాన్ని 1804లో కొట్టలేదు.

ఆ ఏడాది టంకశాల 19,570 డాలర్లు కొట్టినట్టు పద్దు ఉంది, నిజమే. కానీ పాత అచ్చు విరిగేదాకా వాడుకోవడం అప్పటి అలవాటు కాబట్టి వాటి మీద పాత సంవత్సరమే ఉంది. ముప్ఫై ఏళ్లు గడిచాయి. 1834లో, ఆసియా రాజులకి కానుకలు పంపాలి, దేశంలోని నాణేలన్నీ ఒక్కొక్కటి పెట్టెలో అమర్చండి అని విదేశాంగ శాఖ అడిగింది. డాలరు చివరిగా ఎప్పుడు కొట్టాం అని పద్దు తిరగేశారు. 1804. సరే, ఆ అంకెతోనే అచ్చు చెక్కారు. దూత ఎడ్మండ్ రాబర్ట్స్ ఒక పెట్టె మస్కట్ సుల్తానుకి, ఒకటి సయాం రాజుకి ఇచ్చాడు. మిగతా చోట్లకి చేరకుండానే 1836లో మకావులో కన్నుమూశాడు.

కొన్నేళ్లకి ఈ నాణెం కోసం సేకరణదారులు ఎగబడడం చూసి, 1850ల చివర్లో టంకశాల లోపలి వాళ్లే గుట్టుగా మరికొన్ని కొట్టారు. అందులో ఒకటి 1857 నాటి స్విస్ నాణెం మీద కొట్టింది. తుపాకి పోటీల కోసం చేసిన ఆ నాణెం జాడలు కొత్త ముద్ర కింద ఇప్పటికీ కనిపిస్తాయి. దొంగ పనికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అది ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. రాజుల కోసం చేసిన మొదటి రకంలో ఒకటి 1999లో 41,40,000 డాలర్లకి అమ్ముడైంది.

*

మళ్లీ కరిగించిన డాలర్ల దగ్గరికి వద్దాం. 27 కోట్లు కరిగించేటప్పుడు ఏ సంవత్సరానివి ఎన్ని పోయాయో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే టంకశాల పద్దులో ఉన్న అంకె చూసి ఏది అరుదో తేల్చడం కుదరదు. ఎన్ని కొట్టారన్నది ఒక లెక్క, ఎన్ని మిగిలాయన్నది వేరే లెక్క. ఈ రెండో లెక్క తేల్చడమే పరిశోధకుల పని.

1903లో న్యూ ఆర్లీన్స్ కొట్టిన డాలర్లు 44,50,000. తక్కువేం కాదు. అయినా తర్వాతి దశాబ్దాల్లో కొత్తగా మెరిసే నాణెం ఎవరికీ దొరకలేదు, అన్నీ కరిగిపోయాయని నమ్మారు. 1962 నాటికి ధరల పుస్తకంలో దాని విలువ 1,500 డాలర్లు. ఆ ఏడాది చివర్లో ఫిలడెల్ఫియాలో 1929 నుంచి సీలు వేసి ఉంచిన గది తెరిచి, క్రిస్మస్ గిరాకీకి సంచులు బయటికి పంపారు. ఆ సంచుల్లో 1903 న్యూ ఆర్లీన్స్ డాలర్లు! కొద్ది కాలంలోనే ధర 30 డాలర్ల దగ్గరికి జారింది. ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్ల గుండెల్లో రాయి పడింది, ముఖవిలువకే తెచ్చుకున్నవాళ్లకి పండగే పండగ. వార్త పాకి జనం ఖజానా ముందు బారులు తీరారు. 1964 మార్చిలో పంపకం ఆపేశారు. అప్పటికి మిగిలిన వాటిలో కార్సన్ సిటీ టంకశాలవే 28 లక్షల పైచిలుకు తేలాయి. వాటిని 1972 నుంచి 1980 దాకా తపాలా ద్వారా అమ్మారు.

*

డాలరు కొట్టింది అమెరికా ఒక్కటే కాదు. 1895 నుంచి బొంబాయి టంకశాల కూడా కొట్టింది. హాంకాంగ్, సింగపూర్ వైపు వ్యాపారానికి బ్రిటిష్‌వాళ్లు చేయించిన డాలరు అది. త్రిశూలం పట్టుకుని నిలుచున్న బ్రిటానియా బొమ్మ ఉంటుంది. ఆ త్రిశూలం నడిమి కొన మీద బి అక్షరం ఉందంటే బొంబాయి సరుకే.

*

పాత డాలరు చేతికొస్తే చేయకూడని పని ఒకటుంది. నల్లబడిందని చింతపండుతోనో విభూతితోనో తోమకండి. వెండి కంచానికి మెరుపు వస్తుంది, నాణేనికి ధర పోతుంది. అచ్చు నుంచి వచ్చిన సన్నని నిగారింపు ఒక్కసారి పోతే తిరిగి రాదు, తోమిన నాణేన్ని అనుభవమున్న కన్ను ఇట్టే పట్టేస్తుంది.

తూచడం మాత్రం మంచిది. మోర్గన్ డాలరైతే 26.73 గ్రాములు, అడ్డం 38.1 మిల్లీమీటర్లు, అయస్కాంతానికి అంటకూడదు. నకిలీలు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. అసలు నాణెం మీదే చేసిన మాయ తూకానికి దొరకదు. 1893లో శాన్ ఫ్రాన్సిస్కో కొట్టినవి లక్షే. టంకశాల అక్షరం లేని ఆ ఏడాది ఫిలడెల్ఫియా డాలరుకి శాన్ ఫ్రాన్సిస్కో గుర్తైన ఎస్ అక్షరం అతికించి అమ్మేవాళ్లున్నారు. అయితే ఆ లక్షనీ బొమ్మ వైపు ఒకే అచ్చుతో కొట్టారు. కిరీటం మీద లిబర్టీ అన్న మాటలో టి అక్షరం నెత్తిన ఏటవాలుగా సన్నటి గీత ఒకటి ఆ అచ్చులో పడిపోయింది. అసలైన వాటి మీద ఆ గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

1895 ఫిలడెల్ఫియా డాలరు సంగతి ఇంకా విచిత్రం. పద్దులో 12,000 మామూలు నాణేలు, సేకరణదారుల కోసం నునుపుగా చేసినవి 880. ఆ 12,000లో ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు. ఎవరైనా అలాంటిది తెస్తే, వ్యాపారి ముందు ముఖం చూడడు. వెనక్కి తిప్పి, పూదండ కింద టంకశాల అక్షరాన్ని గీకేసిన జాడ ఉందేమో చూస్తాడు.