చమురు తెట్టుకు దూది విరుగుడు

నీటిని నెట్టి.. నూనెను పీల్చే పత్తి
పక్వం కాని పోగుకూ ప్రయోజనం

అచ్చంపేట: చేలో కోసిన పత్తి నుంచి గింజ తీసి, ఆ దూదిని గ్లాసెడు నీటిలో వేస్తే పైనే తేలుతుంది. మందుల దుకాణంలో కొన్న దూది అదే నీటిలో క్షణాల్లో మునిగిపోతుంది. రెండూ పత్తి మొక్క ఇచ్చినవే. మరి ఈ తేడా ఎందుకు? సముద్రాలపై, నదులపై పేరుకునే చమురు తెట్టును తొలగించే ఉపాయం ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

మైనమే కీలకం

పత్తి పోగుపై ప్రకృతిసిద్ధమైన పలుచని మైనపు పొర ఉంటుంది. అది నీటిని దరిచేరనీయదు. నూనెను మాత్రం ఆకర్షిస్తుంది. నూనె తొలుత పోగుకు అంటుకుని, ఆపై పోగుల నడుమ సన్నని సందుల్లో చేరి నిలుస్తుంది. ఆసుపత్రి దూదిని క్షారంలో ఉడికించి మైనాన్ని తొలగిస్తారు కనుక అది నీటిని పీలుస్తుంది. దిండ్లలో కూరే బూరుగు దూదికీ మైనపు పూత ఉంది. పైగా దాని పోగు గొట్టంలా బోలుగా ఉంటుంది. ప్రయోగశాలల్లో మొక్కల పీచుతో స్పాంజిని రూపొందించేటప్పుడు నీరంటకుండా సాధారణంగా ప్రత్యేక పూత పూయాల్సి వస్తుంది. పత్తికి ఆ పూత పుట్టుకతోనే అబ్బింది.

ముప్పై రెట్ల చమురు

కిలో దూది 30 కిలోలకు పైగా ముడిచమురును పీల్చి నిలుపుకోగలదని అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వెల్లడించారు. ఇందుకు మేలురకం పత్తి అక్కరలేదు. మైక్రోనేర్ తక్కువగా ఉండి, పూర్తిగా పక్వం కాని సన్నని పోగే ఎక్కువ చమురును పట్టింది. ఇటువంటి పోగుకు రంగు సరిగా పట్టదు కనుక మార్కెట్లో ధర తగ్గుతుంది. పత్తి పండించే పల్నాడు రైతు గమనించవలసిన అంశమిదే.

బకెట్లే ఆధారమైన వేళ

2017 జనవరి 28న చెన్నై సమీపంలోని ఎన్నూరు వద్ద రెండు నౌకలు ఢీకొని చమురు ఒలికింది. తీరానికి చేరిన జిగట చమురును సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు బకెట్లతో ఎత్తిపోశారు. ఇటువంటి వేళ సాధారణంగా వాడే పాలీప్రొపిలీన్ మెత్తలు మట్టిలో కలవవు. దూది మట్టిలో కలిసే పదార్థం.

జాగ్రత్త తప్పదు

విడి దూదిని నీటిపై చల్లితే చెల్లాచెదురై ఏరడం కష్టమవుతుంది. మెత్తలుగానో, పొడవాటి దిండ్లుగానో కుట్టి వాడాలి. పిండితే కొంత చమురు తిరిగి లభిస్తుంది. చమురంటిన దూది 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థమే. దానిని కాలువ గట్లపై పారవేయరాదు. జిన్నింగు మిల్లుల వద్దే తక్కువ రకం దూదిని వేరుచేసి మెత్తలుగా మలిచే ఏర్పాటు జరిగితేనే రైతుకు ఈ గుణం ఆదాయంగా మారుతుంది.