మితవాదుల్లో అతివాదులు

ఇంగ్లీషులో 'కన్సర్వేటివ్' అనే మాటకు మన పత్రికలవారు చాలాకాలంగా 'మితవాది' అని రాస్తున్నారు. గోఖలే, తిలక్‌ల రోజుల్లో మితవాదం, అతివాదం అనేవి పద్ధతిలోని తేడాలు. ఒకరు అర్జీలు పెట్టేవారు, ఇంకొకరు ఉద్యమం నడిపేవారు. అదే మాట తరువాత కుడిపక్షాలకు తగులుకున్నది. దాంతో పై దేశాల్లో కుడిపక్షం మరీ ముదిరినప్పుడు 'అతి మితవాదులు' అని రాయవలసి వస్తున్నది. క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. వేడి చన్నీళ్ళు అన్నట్టుంటుంది మరి! కాని అమెరికాలో రిపబ్లికన్ పార్టీ కథ చూస్తే ఆ పొంతన లేని మాటే బాగా అతికిందనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత అక్కడి కన్సర్వేటివులు ఒక ఉమ్మడి కుటుంబం. సర్కారు వ్యాపారం జోలికి రాకూడదనేవాడు ఒకడు. మతమూ, కుటుంబమూ, పూర్వాచారమూ నిలవాలనేవాడు రెండోవాడు. 1953లో వచ్చిన రస్సెల్ కిర్క్ పుస్తకం 'ది కన్సర్వేటివ్ మైండ్' ఇతని పక్షం. మూడోవాడికి సోవియట్ రష్యాను ఎదిరించడమే ధ్యేయం. నిజానికి మొదటి ఇద్దరికీ పొత్తు కుదరదు. వ్యాపారం ఏ ఆచారాన్ని నిలవనిచ్చింది గనుక? లాభముంటే ఆదివారం కూడా కొట్టు తెరుస్తుంది. 1955లో విలియం బక్లీ 'నేషనల్ రివ్యూ' పత్రిక పెట్టి ముగ్గురినీ ఒక పంక్తిన కూర్చోబెట్టాడు. కమ్యూనిజమంటే ఉన్న భయమే ఆ పంక్తిని చెదరనివ్వలేదు.

భయానికి మాత్రం హద్దు తెలియదు. రాబర్ట్ వెల్చ్ అనే మిఠాయిల వ్యాపారి 1958 డిసెంబరులో జాన్ బర్చ్ సొసైటీ స్థాపించాడు. ఆయనకు ఎటు చూసినా కమ్యూనిస్టులే. హిట్లరును ఓడించిన సేనాధిపతి, తమ పార్టీ తరఫునే అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా తెలిసి తెలిసి కమ్యూనిస్టు కుట్రకు పనిచేస్తున్నాడని రాశాడు. ఇంటివాళ్ళకు ఇరకాటం వచ్చిపడింది. కాదంటే చందాలిచ్చేవాళ్ళూ, ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగేవాళ్ళూ పోతారు. ఊరుకుంటే పరువు పోతుంది. బక్లీ 1962లో వెల్చ్‌ను తన పత్రికలో తూర్పారబట్టాడు గాని, సొసైటీ సభ్యుల్ని ఏమీ అనలేదు. సొసైటీ మొత్తాన్ని కాదనడానికి 1965 దాకా ఆగాడు. ఇందులో నాకు ధైర్యం ఎంత కనిపిస్తుందో లెక్కా అంతే కనిపిస్తుంది.

ఆ నడుమ 1964 వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో న్యూయార్కు గవర్నరు రాక్‌ఫెల్లర్ అతివాదుల్ని ఖండించాలని మాట్లాడబోతే, సొంత పార్టీవారే కేకలువేసి ఆయన గొంతు వినపడనివ్వలేదు. అభ్యర్థి గోల్డ్‌వాటర్, స్వేచ్ఛను కాపాడేందుకు అతివాదం పూనినా దోషం కాదన్నాడు. నవంబరులో 50 రాష్ట్రాలకు ఆయనకు దక్కినవి 6. ఆ బాట పట్టినవారి పని ఇక అయిపోయిందని చాలామంది అనుకున్నారు. పదహారేళ్ళకు అదే బాటన వచ్చి రేగన్ గెలిచాడు.

1991లో సోవియట్ యూనియన్ కూలింది. శత్రువు పోయాడు గదా అని కుటుంబం చల్లగా ఉందా? వాటాల తగువు మొదలైంది. 1992లో పాట్ బుకానన్, పదవిలో ఉన్న పెద్ద బుష్ మీద పార్టీలోనే పోటీకి దిగాడు. వలసలు తగ్గాలి, విదేశీ సరుకు తగ్గాలి, పరాయి యుద్ధాలు మనకొద్దు అన్నాడు. ఓడాడు. అవే మాటలతో 2016లో ట్రంప్ గెలిచాడు. బక్లీ పెట్టిన పత్రిక ఆ ఏడు ట్రంప్‌కు వ్యతిరేకంగా ప్రత్యేక సంచికే వేసింది గాని, ఈసారి వెలి చెల్లలేదు. 2021 జనవరి 6న గుంపు కాపిటల్ భవనం మీద పడింది. ఎన్నిక దొంగిలించారన్న మాట అబద్ధమని పట్టుబట్టిన లిజ్ చెనీకి ఆ మే నెలలోనే పార్టీ పదవి ఊడింది, మరుసటి ఏడు అభ్యర్థిత్వమూ పోయింది. ఆమె తండ్రి చిన్న బుష్ కాలపు ఉపాధ్యక్షుడు. కన్సర్వేటివ్ ఇల్లంటే అదీ!

ఇదంతా మనకెందుకంటారా? 2024 డిసెంబరు చివర ట్రంప్ మనుషుల్లోనే హెచ్-1బి వీసా మీద రచ్చ లేచింది. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌కు సలహాదారు పదవి ఇవ్వడంతో అంటుకున్నది. ప్రతిభ ఉన్నవారిని రానివ్వాలని మస్క్, వివేక్ రామస్వామి అన్నారు. ఆ వీసాయే మోసమని బానన్ వర్గం అన్నది. ట్రంప్ అప్పటికి మస్క్ వైపే మాట్లాడాడు. తొమ్మిది నెలలు తిరగకముందే, 2025 సెప్టెంబరు 19న, కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించాడు. ఏటా కొత్తగా ఇచ్చే వీసాలు 65,000, అక్కడ ఎం.ఎస్. చదివినవారికి మరో 20,000. మంజూరయ్యేవాటిలో నూటికి డెబ్బై దాకా భారతీయులవే. మన పిల్లలు అందులో ఎందరో మీ వీధిలోనే లెక్కపెట్టుకోవచ్చు.

మా కాలేజీ విద్యార్థి తండ్రి ఒకరు, "అక్కడ ఏ పార్టీ వస్తే మనకు మంచిదండీ మాస్టారూ?" అని అడిగారు. పార్టీ పేరు చెబితే చాలదు, ఆ పార్టీలో అప్పటికి ఏ వర్గం మాట చెల్లుతున్నదో చూడాలన్నాను. ఉపాధ్యక్షుడు వాన్స్ గారి భార్య ఉష మన తెలుగు తల్లిదండ్రుల బిడ్డేనని వారు సంబరంగా గుర్తుచేశారు. నిజమే. అయితే అక్కడివాళ్ళను తీసేసి విదేశీ వీసాలు అడుగుతున్నారని 2025 జులైలో పెద్ద కంపెనీలను తప్పుపట్టింది కూడా ఆ అల్లుడుగారే. ఆయన కాసేపు ఊరుకుని, అబ్బాయి ఎం.ఎస్.కు పొలం తాకట్టు పెట్టే సంగతి ఇంట్లో మళ్ళీ మాట్లాడతామని లేచారు.