ఆగని మూత్రవేగము: చికిత్సలకు జరిగిన పరీక్షలు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము సభలలో మాటాడునది కాదు. అరుగుమీద నలుగురు కూర్చున్నపుడును దీని నెవ్వరును ఎత్తరు. అయినను అరువదియేండ్లు దాటినవారిలో పలువురు దీనివలన బాధపడుచునే యున్నారు. అది మూత్రవేగము నాపుకొనలేకుండుట. మా ఆనందపురమునకు సింహాచలము దూరము కాదు. ఆషాఢ పూర్ణిమకు సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము ఏటేట చేయుచుండిన పెద్దలు కొందఱు, మోకాళ్ల నొప్పి యని చెప్పి మానుకొందురు. అందు కొందఱికి బాధ మోకాళ్లది కాదు. త్రోవలో గంటసేపైనను ఆగజాలమను భయము. ఆ భయముచేతనే బస్సెక్కరు, పెండ్లిపందిరిలో కూర్చుండరు. రాత్రి నాలుగుమార్లు చీకటిలో లేచి తడబడి పడినవారికి తుంటియెముక విఱుగుటయు కలదు. సిగ్గుచేత దాచిన రోగము తుదకు ప్రాణముమీదికి వచ్చును.

ముందుగా రోగస్వరూపమును చూతము. మూత్రాశయము కండతో నల్లిన తిత్తివంటిది. మూత్రపిండములనుండి దిగు నీరు బొట్టుబొట్టుగా అందు చేరును. పెద్దవారి తిత్తి సాధారణముగా 400 మొదలు 500 మిల్లీలీటర్ల వఱకు పట్టును. ఇంచుమించు సగము నిండగానే మెదడునకు మొదటి కబురు పోవును. మెదడు "ఇంకను వేళ కాలేదు" అని యాజ్ఞ యిచ్చును; తిత్తి అణగి యుండును. కొందఱిలో ఈ కండ యజమానుని యాజ్ఞకు వేచియుండక, కొంచెము నిండగానే తనంతట తాను ముడుచుకొనును. అపుడు కలుగు వేగము మెల్లమెల్లగా హెచ్చునది కాదు, పిడుగువలె మీదపడును. ఆధునిక వైద్యులు దీనిని ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అందురు. ఆపరాని తొందర దీనికి ప్రధాన లక్షణము. తఱచు పోవలసివచ్చుట, రాత్రి లేవవలసివచ్చుట దానికి తోడుగా నుండును. కొందఱికి గుమ్మము దాటకమునుపే జారిపోవుటయు కలదు.

ఒక హెచ్చరిక. తఱచు మూత్రము పోవుటయంతయు ఈ రోగమే కాదు. మధుమేహము, మూత్రమున చీము, రాళ్లు, పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుట, వీనివలనను అట్లే కావచ్చును. మూత్రములో నెత్తురు కనబడినచో ఒక్కదినమైనను జాగుచేయరాదు. కావున మొదట వైద్యుడు చూచి, మూత్రమును పరీక్షించి, తక్కినవి కావని తేల్చవలెను.

ఇక చికిత్సలకు వత్తము. సంతలో నొకడు వేరు నమ్మును; "దీనిచే మా మామకు తగ్గినది" అనును. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. కాని వేరువలననే తగ్గెనని ఎట్లు తెలియును? మందు పుచ్చుకొంటినను ధైర్యముచేతనే కొందఱికి తగ్గును. కొందఱికి కాలము గడచుటచేతనే తగ్గును. మంచి వైద్యుడు విచారించి, లెక్క వ్రాయుమని చెప్పినంతమాత్రమున శ్రద్ధ కలిగి మఱి కొందఱికి తగ్గును. ఈ మూడింటిని మందు గుణమునుండి వేఱుచేయుటకే పరిశోధకులు రోగులను చీట్లు వేసినట్లు జట్లుగా విభజింతురు. ఒక జట్టునకు అసలు మాత్ర, వేఱొక జట్టునకు అదే రూపముగల ఉత్తుత్తి మాత్ర ఇత్తురు. ఎవరికి ఏది చేరెనో రోగికిని తెలియదు, ఇచ్చు వైద్యునికిని తెలియదు. గడువు తీరిన పిదప కట్టు విప్పి చూతురు. రెండు జట్లకును గల భేదమే మందు యొక్క నిజమైన బలము.

ఇట్టి పరీక్షలలో మన పల్లెవారు ముఖ్యముగా తెలిసికొనదగినది 1998లో అమెరికాలో ప్రకటింపబడినది. పాట్రిషియా బర్జియో అను పరిశోధకురాలును ఆమె సహచరులును, వేగ మాపుకొనలేక మూత్రము జారిపోవుచుండిన 197 మంది స్త్రీలను చేర్చుకొనిరి. వారి వయస్సు 55 మొదలు 92 ఏండ్ల వఱకు. ఒక జట్టునకు ఆక్సీబ్యుటినిన్ అను మాత్ర నిచ్చిరి. రెండవ జట్టునకు ఉత్తుత్తి మాత్ర నిచ్చిరి. మూడవ జట్టునకు మాత్రయే లేదు, అభ్యాసము మాత్రము నేర్పిరి. ఫలిత మేమి? మూత్రము జారిపోవు సందర్భములు ఉత్తుత్తి మాత్ర జట్టులో నూటికి 39 పాళ్లు, అసలు మాత్ర జట్టులో 68 పాళ్లకు పైగా తగ్గినవి. అభ్యాసము చేసిన జట్టులో 80 పాళ్లకు పైగా తగ్గినవి! కాసు ఖర్చులేని సాధన మాత్రను మించినది. ఉత్తుత్తి మాత్రకే అంత ఫలము కలిగెనన్న, "మా మామకు తగ్గినది" అను సాక్ష్యమునకు ఎంత బలమో మీరే యోచింపుడు.

ఆ అభ్యాస మెట్టిదనగా: వేగము కలిగిన క్షణమున పరుగెత్తరాదు. పరుగెత్తిన తిత్తి కుదిపినట్లై మఱింత ముడుచుకొనును. నిలిచిన చోటనే నిలువవలెను, లేదా కూర్చుండవలెను. అపానవాయువు నాపునపుడు ఏ కండలను లోనికి లాగుదుమో ఆ కండలను పలుమార్లు బిగించి వదలవలెను. వేగపు టల దిగిపోవు వఱకు ఆగి, అపుడు నెమ్మదిగా నడచిపోవలెను. కొన్ని వారములు విడువక సాధన చేసినచో తిత్తి మరల ఆజ్ఞకు లోబడుట నేర్చుకొనును.

ఇచ్చట శాస్త్రము చదివినవారు నన్ను నిలదీయవచ్చును. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము నిలుపరాని వేగములను గూర్చినదే కదా. ఆ పదుమూడింటిలో మూత్రవేగ మొకటి కదా. దాని నాపుమనుట శాస్త్రవిరుద్ధము కాదా? ఇది సమంజసమైన ప్రశ్న. నాకు తోచిన సమాధాన మిది. నిలుపరానిది నిజమైన వేగము, అనగా తిత్తి నిండి విడువుమని దేహము కోరునది. ఈ రోగమున కలుగునది తిత్తి నిండకమునుపే పుట్టు దొంగవేగము. ఆకలిలేని తిండియాసను అణచుట ఉపవాసము కానట్లే, ఈ దొంగవేగమును మఱలించుట వేగధారణము కాదు. అయినను మూత్రము పూర్తిగా దిగక లోపల నిలిచిపోవువారు ఈ సాధన తమంతట మొదలిడరాదు. ముందుగా వైద్యుడు చూడవలెనని నే నన్నది ఇందుకే.

మాత్రల సంగతి కొంచెము చెప్పెదను. తిత్తికండను ముడుచుమని నరములు పంపు సందేశమును అడ్డగించు మాత్రలు ఒక తెగ. ఆక్సీబ్యుటినిన్, 1998లో అమెరికాలో అనుమతి పొందిన టాల్టరోడిన్ ఈ తెగవి. వీనివలన నోరెండుట, మలబద్ధము కలుగును. వృద్ధులలో మతిభ్రమయు కలుగవచ్చును. 65 ఏండ్లు దాటిన 3,434 మందిని సగటున ఏడేండ్లకు పైగా కనిపెట్టిన అమెరికా పరిశోధన 2015లో వెలువడినది. ఇట్టి గుణముగల మందులను చిరకాలము మిక్కిలిగా వాడినవారిలో మతిమఱపు రోగము హెచ్చుగా కనబడినది. మందే కారణమని ఇది రుజువు చేయదు గాని, జాగ్రత్తపడుటకు చాలును. రెండవ తెగ తిత్తికండను సడలించునది. అందు మీరాబెగ్రాన్ అను మాత్రకు 2011లో జపానులో, 2012లో అమెరికాలో అనుమతి వచ్చినది. 12 వారముల పరీక్షలను కలిపి లెక్కించినపుడు, దీనిని వాడినవారికి దినమునకు సుమారు ఒకటి ముప్పావుసారి పోవుట తగ్గినది. ఉత్తుత్తి మాత్ర జట్టువారికి ఒకటింబావుకు కొంచెము తక్కువగా తగ్గినది. అనగా మాత్ర బలము దినమునకు ఇంచుమించు అరసారి! అది కొందఱికి గొప్ప మేలే, కాని అద్భుతము కాదు. రక్తపుపోటు అదుపులో లేనివారికి ఇది తగదు.

వీనికిని లొంగనివారికి వేఱు మార్గములు కలవు. చీలమండ దగ్గఱ సన్నని సూదితో నరమునకు స్వల్ప విద్యుత్తు నిచ్చుట యొకటి. దీనిని 220 మందిపై ఉత్తుత్తి సూదితో పోల్చి చూచిన ఫలితము 2010లో వెలువడినది. వారమున కొకసారి చొప్పున 12 వారములు చేయగా, నిజమైన సూది జట్టులో నూటికి 54 మందికి పైగాను, ఉత్తుత్తి జట్టులో 21 మందికిని చెప్పుకోదగిన గుణము కనబడెను. తిత్తికండలో బొట్యులినమ్ అను విషమును మిక్కిలి స్వల్పముగా ఎక్కించుట మఱియొకటి. దానివలన కొందఱికి కొంతకాలము మూత్రము బిగిసి, గొట్టము వేయవలసివచ్చును.

ఈ లెక్కలన్నియు ఎవరో తమ శరీరములను పరీక్షకు ఒప్పగించుటవలన వచ్చినవి. రేపు మనలనే అడుగవచ్చును. 2009లో ఖమ్మము జిల్లాలో బాలికలకు గర్భాశయద్వారపు క్యాన్సరు టీకా వేసిన కార్యక్రమమును మన మెఱుగుదుము. పలు అంగీకారపత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెనులు సంతకము చేసిరని తేలినది. 2010లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. ఇపుడు 2019 నాటి నిబంధనలు కలవు. వాని ప్రకారము రోగికి తెలియు భాషలో విషయము చెప్పవలెను. చదువురానివారికి పక్షపాతము లేని సాక్షి యుండవలెను. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యము, నష్టపరిహారము ఇయ్యవలెను. ఎప్పుడైనను మానుకొను హక్కు రోగికి కలదు. చదువు నేర్చిన పెద్దలారా, మీ వీధిలో ఎవరికైనను ఇట్టి కాగితము వచ్చిన మీరే చదివి వినిపింపుడు. అర్థము కానిదే వ్రేలిముద్ర వేయనీయకుడు.

ఇపుడు చేయవలసిన పని చిన్నది. మూడు దినములు ఒక నోటుపుస్తకమున వ్రాయుడు: ఏవేళ పోయితిరి, ఎంత పోయితిరి, ఎన్నిమార్లు ఆగలేకపోయితిరి, ఏమి త్రాగితిరి. వైద్యునికి ఆ కాగితము సగము రోగనిర్ణయము. భయపడి నీరు మానుకొనకుడు. మూత్రము చిక్కబడి మంట హెచ్చును. సాయంకాలపు కాఫీ, టీ తగ్గింపుడు. రాత్రి మంచముచెంత దీప ముంచుకొనుడు. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రిలో మూత్రకోశ వైద్యశాఖ యున్నది. అచ్చటి వైద్యులు ప్రతిదినమును వినుమాటయే ఇది. వారియెదుట సిగ్గుపడవలసినది లేదు. కోడలితో చెప్పుటకు సంకోచమైన, ఈడువానితో నైనను చెప్పి, తోడు తీసికొని పొండు.