కూర్చుండి పనిచేయువారి కాలేయము

1974లో స్థాపింపబడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము నగరమునకు పడమట, గచ్చిబౌలి రాతిగుట్టల నడుమ నున్నది. దానికి కొలదిదూరముననే హైటెక్ సిటీ కలదు. 1998లో సైబర్ టవర్స్ భవనము తెరువబడిన పిమ్మట అచ్చట కంప్యూటరు సంస్థలు వందలకొలది వెలసినవి. వానిలో పనిచేయువారు దినమున ఎక్కువ భాగము కుర్చీలలోనే గడపుదురు.

ఆ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వైద్యులతో కలిసి ఇట్టి ఉద్యోగులను 345 మందిని పరీక్షించి, ఫలితములను 2025లో ప్రకటించిరి. వారిలో 84 శాతము మందికి కాలేయమున క్రొవ్వు మితిమీరి చేరియుండెను. 71 శాతము స్థూలకాయులు. కాలేయము మద్యపానముచేతనే చెడునని మనలో పెక్కురి నమ్మకము. కాని యీ క్రొవ్వు మద్యము ముట్టనివారికిని పట్టును. ఆహారము, నిద్రలేమి, కదలని పని, వీనిలో దేని పాలు ఎంతయో ఇట్టి పరీక్ష విడదీసి చెప్పజాలదు. అయినను కదలనితనము కాలేయమునకెట్లు చేటు తెచ్చునో శరీరశాస్త్రము చక్కగా చెప్పగలదు.

భోజనానంతరము రక్తమున చేరు గ్లూకోజును అధికముగా తీసికొనునవి కండరములు. అందును తొడల కండరములు మిక్కిలి పెద్దవి. ఇన్సులిన్ సంకేతము అందగానే కండరకణము తన లోపలి గ్లూకోజు వాహకములను పైపొరకు పంపును. వానిద్వారా చక్కెర లోనికి పోవును. విచిత్రమేమన, కండరము పనిచేయుచున్నప్పుడు ఇన్సులిన్ సంకేతము లేకయే వాహకములు పైకి వచ్చును! అనగా నడచువాని కాలికి రెండు తలుపులు, కూర్చున్నవానికి ఒక్కటే. కండరము ఆ చక్కెరను గ్లైకోజెన్‌గా నిలువచేయును. పాతధాన్యము ఖర్చు కాని గాదెలో కొత్తధాన్యమునకు చోటెక్కడిది? మిగిలిన చక్కెరలో కొంత కాలేయమునకు చేరి క్రొవ్వుగా మారును.

ఈ విషయమున తొలి వెలుగు లండను బస్సులనుండి వచ్చినది. అచ్చటి రెండంతస్తుల బస్సులలో ఆ కాలమున డ్రైవరు కూర్చుండెడివాడు, కండక్టరు దినమెల్ల మెట్లెక్కి దిగెడివాడు. డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చుగా వచ్చుచున్నదని జెర్రీ మారిస్ 1953లో చూపెను. ఆయన అంతటితో తృప్తిపడలేదు. 1956లో వారి యూనిఫారము కొలతలు పరిశీలింపగా, చిన్నవయసు డ్రైవర్ల నడుములే కండక్టర్లకంటె లావుగా నుండెను. కావున తేడా అంతయు ఉద్యోగమువలననే కాదేమోనని ఆయనయే సందేహించెను. ఇట్టి నిజాయితీ మన విద్యార్థులు నేర్వదగినది.

నేటి విద్యార్థి తరగతి, ప్రయోగశాల, గ్రంథాలయము, ఈ మూడింటను కూర్చుండియే యుండును. రేపు ఆ కార్యాలయములకే పోవును. ఆచార్యుడు పాఠము చెప్పునంతసేపైనను నిలుచుండును, విశ్వవిద్యాలయ గుమాస్తాకు అదియు లేదు. సాధారణముగా విద్యాసంస్థలలో వ్యాయామమనగా పోటీజట్టు. పదునొకండుగురు కప్పు గెలిచినచో తక్కిన వేయిమంది కాలేయము బాగుపడునా? పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషములు, 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషములు శరీరశ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. 2023లో బాహ్యవలయ రహదారి ప్రక్క 23 కిలోమీటర్ల సైకిలుదారి, పైన సౌరఫలకముల నీడతో, తెరువబడినది. మంచిదే, కాని అచ్చటికి పోవ తీరికలేనివారే ఎక్కువ.

వారికి ఉపయోగించు ఆస్ట్రేలియా ప్రయోగమొకటి 2012లో ప్రకటింపబడినది. స్థూలకాయులను గంటలకొలది కూర్చుండబెట్టి, ఒకనాడు ప్రతి 20 నిమిషములకు 2 నిమిషములు నడిపించిరి, మరియొకనాడు కదలనీయలేదు. నడచిననాడు ఆహారానంతరము రక్తమున చక్కెర తక్కువగా పెరిగినది. ఇందులకు మైదానము వలదు, తరగతి గది వరండా చాలును. గంటల మధ్య విరామమున విద్యార్థులను బెంచీలకే కట్టివేయకున్న చాలును.

కాలేయపు క్రొవ్వు తొలిదశలో కరుగునదే. క్రమముగా వ్యాయామము చేయువారికి, శరీరపు తూకము తగ్గకున్నను, ఆ క్రొవ్వు కొంత తగ్గును.