చిత్తవైకల్యం - తొలి లక్షణాలు

చిత్తవైకల్యం లేదా డిమెన్షియా అనగా మెదడు కణాలు క్రమంగా దెబ్బతినుట వలన జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, ప్రవర్తన క్షీణించి మనిషి తన పనులు తాను చేసుకోలేని స్థితి. ఇది ఒకే వ్యాధి పేరు కాదు, పలు వ్యాధుల వలన కలిగే లక్షణాల సముదాయం. వాటిలో ముఖ్యమైన అల్జీమర్స్ వ్యాధిని 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదటిసారి వివరించాడు. 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అనగా దాదాపు 88 లక్షల మందికి, చిత్తవైకల్యం ఉన్నదని అంచనా వేసింది.

గుర్తించడం ఎలా?

కళ్ళజోడు పెట్టిన చోటు మరచి, వెదకి, గుర్తు తెచ్చుకొనుట వయసుతో వచ్చే సహజమైన మరపు. భోజనం చేసిన సంగతే మరచి, చెప్పినా గుర్తుకు రాకపోవడం సహజం కాదు. విచిత్రమేమంటే వీరు తమ పెళ్లినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్లు చెప్పగలరు. అందుచేత ఇంటివారు జ్ఞాపకశక్తికి లోటు లేదని పొరపడతారు. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినడమే దీనికి కారణం.

బడికి వెళ్లనివారిని తేదీ అడిగి ప్రయోజనం తక్కువ. లోపాన్ని వారి నిత్యకృత్యంలోనే వెదకాలి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు ఏళ్ల తరబడి మిర్చి తెచ్చిన రైతును ఉదాహరణగా తీసుకోవచ్చు. తక్‌పట్టీ చూడకుండానే అడ్తి కమీషను, హమాలీ పోను చేతికి రావలసినదెంతో నోటిలెక్కతో చెప్పే మనిషి, బస్తాల సంఖ్య దగ్గరే తడబడడం, ఎరిగిన యార్డులో దారి తప్పడం గమనించదగిన మార్పులు. ఇంటిలోనైతే పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతుంది, పొయ్యి ఆర్పడం మరచిపోతారు, పదం దొరకక "అదే, అది" అంటారు.

దాచిన చోటు మరచి, డబ్బు కోడలే తీసిందని అనడం మరొక లక్షణం. దీనిని చాదస్తమనో, ఓర్వలేనితనమనో కొట్టివేయడం వలన ఎన్నో కుటుంబాలలో అకారణంగా తగవులు పుడుతున్నాయి. అది నింద కాదు, మెదడు ఖాళీని ఊహతో పూరించుకొనే ప్రయత్నమని ఇంటివారు తెలుసుకోవాలి. వాదించి నిరూపించబోతే భయం పెరుగుతుంది, కలిసి వెదకడమే మేలు.

వైద్య పరీక్ష

విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు కూడా ఇటువంటి మరపునే కలిగిస్తాయి. వీటికి చికిత్స ఉన్నది గనుక రక్తపరీక్ష చేయించక ముందే ఆశ వదులుకొనరాదు. గంటలలోనో, రోజులలోనో హఠాత్తుగా అయోమయం కలిగితే అది వేరొక అత్యవసర స్థితి కావచ్చును, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. కొన్ని మందులు లక్షణాలను కొంతకాలం తగ్గించగలవు. అయినను తొలిదశలోనే తెలిస్తే బ్యాంకు, భూమి వ్యవహారాలను ఆ వ్యక్తి తన ఇష్టప్రకారం తానే చక్కబెట్టుకోవచ్చు.

హైదరాబాదు పరిశోధన

నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు లేక అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. అక్షరాస్యులు కానివారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ వంటి భాషలు సంతలోనో, పనిలోనో నేర్చినవారు ఎందరో ఉన్న ప్రాంతం కావడం వలననే ఈ పరిశీలన ఇక్కడ సాధ్యమైనది. భాషలు వ్యాధిని రాకుండా ఆపుతాయని మాత్రం దీని అర్థం కాదు.